మెగ్గర్ పట్టుకోవడం ఒక్కటే కాదు

డిప్లొమా వాళ్లకు ప్రొడక్ట్ టెస్టింగ్, అంటే తయారైన వస్తువు సరిగ్గా ఉందో లేదో పరీక్షించే పని, తేలికైన ఉద్యోగమని కొందరు రాస్తుంటారు. సగమే నిజం. చర్లపల్లిలో ఓ చిన్న ఫ్యాక్టరీలో మిక్సీ మోటార్లు టెస్ట్ చేస్తూ 4 ఏళ్లు పనిచేశాను. 500 వోల్టుల మెగ్గర్ (కరెంటు లీకవుతోందేమో చూసే మీటరు) పెట్టి ఇన్సులేషన్ చూడటం, లోడ్ మీద ఎంత కరెంటు లాగుతోందో రాసుకోవడం, రోజంతా అదే. త్వరగా విసుగొచ్చేవాళ్లు ఇటు రాకండి.

అసలు టెన్షన్ నెలాఖరులో. ఫెయిలైన పీసును "పోనీలే, పాస్ చేసెయ్" అంటూ సూపర్‌వైజర్ భుజం మీద చెయ్యేస్తాడు. కాదనగలగాలి. (ఒకసారి నేను అనలేకపోయాను. లాటు మొత్తం తిరిగొచ్చింది, తిట్లు నాకే.)

అయితే శబ్దం విని లోపం పట్టేసిన రోజు హుషారే వేరు. బేరింగ్ పోతే గరగర, కార్బన్ బ్రష్ అరిగితే చిటపట. ఇప్పటికీ ఇంట్లో మిక్సీ వేస్తే చెవి అటే పోతుంది, మా ఆవిడ నవ్వుతుంది.