పాఠం తీశారు సరే, ఎముకల సంగతేంటి?

పదో తరగతి పిల్లల మీద భారం తగ్గించాలన్న సదుద్దేశంతో 2023లో ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్ పుస్తకంలోంచి జీవపరిణామం పాఠాన్ని ఎత్తేసింది. ఇది తప్పని 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు పెట్టారు. మా అభ్యంతరం అది కాదు. పని సగంలో ఆపేశారన్నదే మా బాధ. కాగితంలో తీసేసి ఒంట్లో వదిలేస్తే తీసినట్టా?

ముందు మణికట్టు చూడండి. అరచెయ్యి పైకి పెట్టి, బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు ఆనించి, మణికట్టు కాస్త లోపలికి వంచండి. నడిమధ్యన ఉబికి వచ్చేది పామారిస్ లాంగస్ అనే కండరం తాలూకు స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు లాంటిది. చెట్ల మీద బతికే ఒరాంగుటాన్‌లలో ఇది దాదాపు తప్పకుండా ఉంటుంది. మనుషుల్లో సుమారు 15 శాతం మందికి ఒక చేతికో, రెండింటికో ఉండనే ఉండదు. ప్రాంతాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది గానీ, లేనివాళ్ల పిడికిలి పట్టుకు వచ్చిన లోటేమీ లేదు. అందుకే వేరేచోట తెగిన స్నాయువుకు అతుకు కావాలంటే సర్జన్లు ముందు దీని మీదే కన్నేస్తారు. ఇది పరీక్ష హాల్లోకి చర్మం కింద చిట్టీ పెట్టుకొచ్చినట్టు కాదా? స్క్వాడ్‌లు ఏం చేస్తున్నట్టు?

ఈ మాటలకు రోమాలు నిక్కబొడుచుకుంటే, అదీ సాక్ష్యమే. బొచ్చే లేని ఒంట్లో బొచ్చు లేపే కండరాలు ఇంకా డ్యూటీలో ఉన్నాయి.

గొంతు వ్యవహారం మరీ ఘోరం. స్వరపేటికకు వెళ్లే నరం దాని పక్కనుంచే దిగుతూ, అక్కడ ఆగకుండా ఛాతీలోకి పోయి, ఎడమవైపు గుండెలోంచి వచ్చే పెద్ద రక్తనాళం బృహద్ధమని కిందుగా చుట్టి మళ్లీ పైకొస్తుంది. చేపలో ఇది మొప్పలకు తిన్నగా వెళ్లే దారే. తరతరాలకు మెడ సాగింది, గుండె కిందికి జారింది, ధమనికి అవతలివైపు చిక్కుకున్న నరం వెంటపడి సాగక తప్పలేదు. పెద్ద జిరాఫీలో ఈ చుట్టుదారి నాలుగు మీటర్లు దాటుతుంది. మనలో ఛాతీలో బృహద్ధమని ఉబ్బి ఆ నరాన్ని నొక్కితే గొంతు బొంగురుపోతుంది.

ఇక రాళ్లు. ఏ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర రాళ్లు సేకరించి, వాటిలో దొరికిన జంతువుకు 1971లో ఇండోహయస్ అని పేరు పెట్టారు. ఆయన పోయాక, మిగిలిన రాళ్లను ఆయన భార్య హాన్స్ థెవిసెన్ అనే శాస్త్రవేత్తకు ఇచ్చారు. ల్యాబులో పుర్రెను రాయిలోంచి విడదీస్తుంటే పొరపాటున చెవి ఎముక విరిగింది. విరిగినచోట చూస్తే లోపలి గోడ మందంగా ఉంది, అచ్చం తిమింగలాల చెవిలో ఉన్నట్టు! 2007లో లోకానికంతా చెప్పేశారు. 4.8 కోట్ల ఏళ్లు గుట్టుగా ఉన్న జీవి, పిల్లి కంటే కాస్త పెద్దది, ఒక్క చేతిజారుడుతో తిమింగలాలకు చుట్టమైపోయింది. ఆ రాళ్లను వెంటనే సిమెంటు వేసి మూసేయాలని మా మనవి.

మేకకు, జింకకు, ఒంటెకు మడమ కీలులో ఒక ఎముక ఉంటుంది. పైనా కిందా రెండుచోట్లా కప్పీలా గాడి దాని గుర్తు. పాకిస్తాన్‌లో దొరికిన కాళ్లున్న పాత తిమింగలాలకూ సరిగ్గా అదే ఉందని 2001లో బయటపడింది. పన్నెండో తరగతిలో పాఠం అలాగే ఉంది కదా అంటున్నారు అధికారులు. ఉంది, బయాలజీ తీసుకున్నవాళ్లకే. కనుక మటన్ కొట్లకూ సర్క్యులర్ పోవాలి: ఎంపీసీ పిల్లలున్న ఇంటికి వెనక కాలు తూచేముందు మడమ ఎముక ఊడదీసి ఇవ్వవలెను.