పుట్టినరోజు కేకు, ఇద్దరి వాదన

మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. ఏడు నెలల కిందట కళ్ళు టపటపా ఆర్పడం మొదలుపెట్టాడు. కళ్ళ డాక్టరు చూసి చూపు బాగానే ఉందన్నారు. తర్వాత ముక్కు ఎగబీల్చడం వచ్చింది, ఇప్పుడు గొంతు సవరించుకుంటున్నాడు. అనుకోకుండా పదేపదే వచ్చే ఇలాంటి కదలికల్నీ శబ్దాల్నీ టిక్స్ అంటారని, కంగారుపడొద్దని పిల్లల డాక్టరు చెప్పారు. మా ఆవిడ లలిత వంటింట్లోంచి వైద్యం మొదలుపెట్టింది. మైదా, పంచదార, రంగు వేసిన తిండి, ప్యాకెట్లు అన్నీ ఆపేసింది. అప్పటికి మూడు నెలలు.

మొన్న శుక్రవారం గాజువాక నుంచి మా అక్క వచ్చింది. ఏళ్ళ తరబడి నర్సుగా చేసి రిటైరైన మనిషి. మర్నాడు మావాడి స్నేహితుడి పుట్టినరోజు, బీచ్ రోడ్డులో పార్టీ. వాణ్ణి కేకు తిననివ్వాలా వద్దా అన్న దగ్గర మొదలై, వాడు నిద్రపోయాక రాత్రి పదకొండు దాకా ఇద్దరూ వాదించుకున్నారు. నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

తల్లి: వద్దు వదినా. మూడు నెలల కష్టం ఒక్క ముక్కతో పోతుంది. ఆ గులాబీ రంగు క్రీము తలుచుకుంటేనే నాకు టెన్షన్.

మేనత్త: మూడు నెలల్లో ఏం మారిందో చెప్పు లలితా.

తల్లి: ఈ పుస్తకం చూడండి. రోజూ హోంవర్క్ చేసే అరగంటలో ఎన్నిసార్లు కళ్ళు ఆర్పాడో రాస్తున్నాను. మొదటి వారం నలభై, యాభై. ఇప్పుడు పది, పన్నెండు. నేను ఊహించుకుని చెప్పడం లేదు.

మేనత్త: ఈ పథ్యం ఎప్పుడు మొదలుపెట్టావు?

తల్లి: పరీక్షలప్పుడు. ఆర్పడం బాగా ఎక్కువై, క్లాసులో వెక్కిరిస్తున్నాడనుకుని టీచరు వాణ్ణి బయట నిలబెట్టిన వారం.

మేనత్త: అదే నేననేది. ఎవరమైనా బాగా ఎక్కువైనప్పుడే ఏదో ఒకటి మొదలుపెడతాం. టిక్స్ సముద్రంలో కెరటాల్లాంటివి. కొన్నాళ్ళు లేస్తాయి, కొన్నాళ్ళు వాటంతటవే పడతాయి. లేచినప్పుడు తాయెత్తు కట్టినా, పడగానే తాయెత్తు పనిచేసిందంటాం. పైగా నువ్వు కళ్ళే లెక్కపెట్టావు. గొంతు సవరించుకోవడం ఈ మూడు నెలల్లోనే కదా వచ్చింది?

తల్లి: వచ్చింది, కాదనను. మరి మా తమ్ముడి పెళ్ళి సంగతో? రెండు గ్లాసుల కోలా తాగాడు. ఆ రాత్రి, మర్నాడంతా ముఖం నిలవలేదు. అది నా కళ్ళారా చూశాను. జర్మనీలో 2008లో ఈ జబ్బున్న 224 మందిని అడిగితే కోలా, కాఫీ, టీ, నిల్వ ఉండటానికి కలిపే మందులు, పంచదార పడితే తమకు ఎక్కువవుతోందని చాలామంది చెప్పారట.

మేనత్త: ఆ 224 మంది సంగతి నేనూ చదివాను. అది వాళ్ళకి తోచింది చెప్పడమే, తినిపించి కొలిచింది కాదు. అయినా కోలా విషయంలో నేను నీ వైపే. అందులో కెఫీన్ ఉంటుంది, ఎనిమిదేళ్ళ పిల్లాడికి అది అక్కర్లేదు. కానీ ఆ పెళ్ళిలో వాడు పడుకున్నది రాత్రి రెండింటికి. నిద్ర లేదు, బ్యాండు మోత, వచ్చిన చుట్టమల్లా కళ్ళెందుకలా ఆర్పుతున్నావురా అని అడగడం. ఇన్నింటిలో ఒక్క గ్లాసునే ఎలా పట్టుకుంటాం?

తల్లి: రంగులైనా ఒప్పుకోండి. 2007లో ఇంగ్లాండులో పిల్లలకి రంగులు, సోడియం బెంజోయేట్ అనే నిల్వ మందు కలిపిన పానీయం ఇచ్చి చూశారు. అల్లరి పెరిగింది. 2010 నుంచి యూరప్‌లో టార్ట్రాజిన్ లాంటి ఆరు రంగులు వాడితే, పిల్లల నిలకడ మీద చెడు ప్రభావం ఉండొచ్చని ప్యాకెట్ మీదే రాయాలి. మనకి మాత్రం పూర్ణా మార్కెట్‌లో ఏ దుకాణానికి వెళ్ళినా అవే రంగుల మిఠాయిలు.

మేనత్త: నువ్వన్నది నిజమే. కానీ అది అల్లరి గురించి, నిలకడ గురించి. టిక్స్ గురించి కాదు. టిక్స్ ఉన్న పిల్లల్లో చాలామందికి ఆ నిలకడ సమస్య కూడా ఉంటుంది, వాళ్ళకి రంగులు మానితే మేలేమో. మనవాడు గంటసేపు కదలకుండా చదరంగం ఆడతాడు. ఇంట్లో రంగులు మానెయ్, నేనేం అనను. పాలూ పెరుగూ ఎందుకు మాన్పించావు?

తల్లి: ఒకావిడ చెప్పింది. వాళ్ళబ్బాయికి గోధుమ, పాలు ఆపేశాక తగ్గిందట.

మేనత్త: వాడి నిక్కరు జారిపోతోంది లలితా. బరువు చూశావా?

తల్లి: కిలోన్నర తగ్గాడు. చోడి (రాగి) అంబలి తాగిస్తున్నాను, అందులో కాల్షియం ఉంటుంది కదా. ఎంవీపీ రైతుబజారు నుంచి ఆకుకూరలు, వారానికి రెండుసార్లు హార్బరు చేపలు. గుమ్మడి గింజలు, మెగ్నీషియం కోసం.

మేనత్త: అంబలి మంచిదే, చేపలు మంచివే. ఇవన్నీ ఏ పిల్లాడికైనా పెట్టాల్సినవి. చేపనూనె గొట్టాలిచ్చి అమెరికాలో 33 మంది మీద చూశారు. 2012లో వచ్చింది ఆ ఫలితం. టిక్స్ లెక్క తగ్గలేదు, వాటివల్ల పడే ఇబ్బంది మాత్రం కొంత తగ్గింది. అంటే చేప పెట్టు, మందని పెట్టకు. మాత్రల మాట వేరు. మెగ్నీషియం ఎక్కువైతే విరేచనాలు. బి6 పెద్ద మోతాదులో చాన్నాళ్ళు వేస్తే నరాలే పాడవుతాయి, చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కుతాయి. అలమరలో ఆ పేరు లేని పొట్లం ఏమిటి?

తల్లి: నరాల బలానికని తెచ్చాం. భస్మం. ప్రకృతి వైద్యమే కదా అని...

మేనత్త: అమెరికాలో 2008లో ఇంటర్నెట్‌లో కొన్న ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే అయిదింటిలో ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనికో కనిపించింది. సీసం దెబ్బతీసేది పిల్లల మెదడునే. ఎవరు చేశారో, ఏం కలిపారో రాసి లేని పొట్లం వాడి నోట్లో పెట్టొద్దు తల్లీ.

(ఆ పొట్లం తెచ్చింది నేను. లలిత నా వైపు చూడలేదు. లేచి తెచ్చి అక్క చేతిలో పెట్టింది.)

తల్లి: సరే, ఇది తీసేద్దాం. కానీ మీరందరూ నన్నేం చెయ్యమంటారు వదినా? డాక్టరు దగ్గర గంట కూర్చుంటే మూడు నిమిషాలు చూశారు. ఎక్కువైతే మాత్ర ఉంది, మత్తుగా ఉంటుంది, కొందరు లావెక్కుతారు అన్నారు. స్కూల్లో పిల్లలు వాడిలా కళ్ళు ఆర్పి చూపిస్తున్నారు. రాత్రి వాడు పడుకున్నాక నేను కూర్చుని ఏడుస్తాను. నా చేతిలో ఉన్నది వంటిల్లొక్కటే. అది కూడా వదిలేయమంటే ఎలా?

(అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఆ ప్రశ్నకి నా దగ్గరా జవాబు లేదు. మాకు డాక్టరు చెప్పని మాటలన్నీ లలిత అర్ధరాత్రులు మేలుకుని వెతుక్కుంది.)

మేనత్త: సాయంత్రం బాల్కనీలో వాడు నాతో ఏమన్నాడో చెప్పనా? "అత్తా, నేను రేపు కేకు తింటే మళ్ళీ కళ్ళు వస్తాయి, అమ్మ ఏడుస్తుంది" అన్నాడు.

తల్లి: వాడికి తెలుసా?

మేనత్త: అన్నీ తెలుసు. తను తిన్నదానివల్లే తనకిలా అవుతోందనుకుంటున్నాడు. టిక్స్ వాడి తప్పు కాదు, నీ తప్పూ కాదు. ముందు లోపల ఏదో బిగిసినట్టు, దురద లాంటిది వస్తుంది. ఆర్పితే తీరుతుంది. కాసేపు ఆపుకోగలడు, తుమ్ము ఆపుకున్నట్టు. ఆపుకోమని మనం అన్నకొద్దీ, వాటి గురించి మాట్లాడినకొద్దీ ఎక్కువవుతాయి. నువ్వు మందులొద్దంటావు కదా, మందులేని దారి ఉంది. ఆ బిగింపు రాగానే దానికి అడ్డుపడే ఇంకో పని నేర్పుతారు. గొంతు సవరించుకోబోతే నోరు మూసి ముక్కుతో నెమ్మదిగా ఊపిరి. కళ్ళయితే ఒక చోట చూస్తూ మెల్లగా, మెత్తగా ఆర్పడం. ఏ సమయాల్లో ఎక్కువవుతోందో చూసి ఇల్లూ స్కూలూ సర్దుతారు. 2010లో 126 మంది పిల్లల్ని రెండు జట్లు చేసి పది వారాలు చూస్తే, ఇది నేర్చుకున్న వాళ్ళలో సగం మందికి పైగా బాగా మెరుగయ్యారు. ఊరికే ధైర్యం చెప్పి వివరించిన వాళ్ళలో అయిదోవంతు కూడా లేరు.

తల్లి: అది సైకాలజిస్టు దగ్గర కదా? ఈ ఊళ్ళో ఆ మాటంటే జనానికి చినవాల్తేరు మెంటల్ ఆసుపత్రే గుర్తొస్తుంది. మా అత్తగారి వైపు వాళ్ళు ఏమంటారో.

మేనత్త: మా అమ్మ వైపు వాళ్ళ సంగతి నాకొదిలెయ్. వాడికి టిక్స్ వల్ల పెద్ద ఇబ్బంది లేకపోతే అది కూడా ఇప్పుడే అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. టీచరుతో మాత్రం సోమవారమే మాట్లాడాలి. తమ్ముడు వెళ్తాడు.

తల్లి: ఇది ఇంకా పెరుగుతుందా వదినా? నిజం చెప్పండి.

మేనత్త: పెరగొచ్చు. పదీ పన్నెండేళ్ళ మధ్య గట్టిగా ఉంటాయి, ఆ తర్వాత చాలామందికి తగ్గుతాయి. అందరికీ పూర్తిగా పోవు. ఎప్పుడైనా ఉన్నట్టుండి చేతులూ కాళ్ళూ నాట్యంలా కదిలినా, పిలిస్తే పలక్కుండా శూన్యంలోకి చూసినా అది టిక్ కాకపోవచ్చు, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఈలోగా రక్తపరీక్ష చేయిద్దాం, ఇంత పాలిపోయి ఉన్నాడు.

తల్లి: పెరుగు రేపటి నుంచి పెడతాను. కోలా మాత్రం ఇవ్వను.

మేనత్త: ఇవ్వొద్దు. నిమ్మరసం సీసా నేనే కలిపి పంపిస్తాను. కేకో?

తల్లి: తిననివ్వండి. ఎంత తిన్నావని ఇంటికొచ్చాక అడగను. కానీ పుస్తకం మానను వదినా, నాకు అది కావాలి.

మేనత్త: మానకు. వాడి ఎదురుగా తియ్యకు. కళ్ళతో పాటు గొంతు కూడా రాయి, ఎన్ని గంటలు నిద్రపోయాడో రాయి, బరువు రాయి. ఆ వారం స్కూల్లో ఏం జరిగిందో అది కూడా.