ట్రాక్షన్ కంట్రోల్ గారికి, కేరాఫ్ యాష్‌ట్రే

చక్రాలు జారితే ఇంజన్‌కి కళ్లెం వేసే మహారాజశ్రీ ట్రాక్షన్ కంట్రోల్ గారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. ఆ క్షేమానికి కారణం మీరేనని నలుగురిలో ఒప్పుకునే ధైర్యం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు రాకముందు నాకో గౌరవం ఉండేది. మా పాత స్పోర్ట్స్ కారుకి ఇంజన్ ముందు, అది తిప్పేది వెనక చక్రాల్ని. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. నా కాలికీ కార్బురేటర్లకీ మధ్య ఉన్నదల్లా ఒక కేబుల్. ఎవరైనా తాళాలు అడిగితే చిన్నగా నవ్వి, ‘ఇది అందరి మాటా వినదండీ’ అనేవాణ్ణి. వానలో ఓసారి మలుపు మధ్యలో గిర్రున తిరిగి, వచ్చిన దారికే మొహం పెట్టి నిలబడినప్పుడు కూడా తప్పు కారుదేనన్నాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, మద్దెల నిజంగానే పాతదైతే ఆ సామెతలో బోలెడు వెసులుబాటు ఉంది.

ఆ తిరుగుడు తర్వాతే మిమ్మల్ని పిలిపించాను. రహస్యంగా. ఏబీఎస్ ఉన్న కారైతే చక్రాల దగ్గర సెన్సర్లు ముందే ఉంటాయి, మీరు వాటి వైర్లు అందుకుంటే చాలు. మా దానికి ఆ భాగ్యం లేదు. నాలుగు హబ్‌లకీ పళ్ల రింగులు చేయించి, వాటికి ఎదురుగా సన్నటి సందు వదిలి సెన్సర్లు బిగించి, వైర్లన్నీ కార్పెట్ కిందుగా లాక్కొచ్చారు. మీ డబ్బా పక్క సీటు కింద. మీ నాబ్, మీ బుల్లి పసుప్పచ్చ దీపం యాష్‌ట్రేలో. సిగరెట్ ముట్టని మనిషి యాష్‌ట్రే మూత మాటిమాటికీ ఎందుకు తెరుస్తాడో మా ఇంట్లో ఎవరికీ ఇంకా అర్థం కాలేదు.

మీ ఉద్యోగం వినడానికి చాలా చిన్నది. ముందు చక్రాలకి ఇంజన్‌తో సంబంధం లేదు కాబట్టి రోడ్డు మీద వేగం ఎంతో అవి నిజం చెబుతాయి. వెనకవి అంతకన్నా జోరుగా తిరుగుతుంటే జారుతున్నట్టే. కాస్త జారుడు మంచిదేనట: పొడి రోడ్డు మీద టైరుకి గట్టి పట్టు దొరికేది సుమారు 10-20 శాతం జారుడు దగ్గరే. అది దాటితే మీకు ఒళ్లు మండుతుంది. కొత్త కార్లలోని మీ చుట్టాలు ఇంజన్‌కి గాలి వదిలే ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌ని మర్యాదగా మూస్తారు, లేదా పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లని ఆపుతారు. మా కార్బురేటర్ల దగ్గర మీ పప్పులుడకవు. ఎవరేం చెప్పినా అవి పెట్రోలు పోస్తూనే ఉంటాయి. అందుకని మీరు నిప్పురవ్వ ఎగ్గొడతారు. కాలని పెట్రోలు సైలెన్సర్ దాకా వెళ్లి అక్కడ ఢామ్మంటుంది. మొదటిసారి ఆ చప్పుడు విని పక్క సీట్లో ఉన్న మిత్రుడు ‘ఆహా, అసలైన పాత కారు శబ్దం!’ అని మురిసిపోయాడు. నేను కాదనలేదు.

మీ సంగతి తెలిస్తే పాత కార్ల పెద్దలు నన్ను వెలివేస్తారు. కారు ఆత్మ పోయిందంటారు. నిప్పురవ్వకి వేళ చెప్పే పాత కాంటాక్ట్ పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించినప్పుడు, హెడ్‌లైట్లలో ఎల్ఈడీలు దూర్చినప్పుడు ఆ ఆత్మ ఎక్కడికి షికారు వెళ్లిందో తెలీదు. అసలు మీరు అంత కుర్రవారేం కాదు. 1971లోనే అమెరికా కార్ల కంపెనీ బ్యూయిక్ వాళ్లు మాక్స్‌ట్రాక్ అని మీ పెద్దన్నని కార్లలో పెట్టి అమ్మారు. ఆయన పద్ధతీ నిప్పురవ్వ ఎగ్గొట్టడమే. ఫార్ములా వన్‌లో మిమ్మల్ని 1994లో గెంటేశారు, 2001లో రానిచ్చారు, 2008లో మళ్లీ గెంటేశారు. ప్రపంచంలోనే గొప్ప డ్రైవర్ల చేతిలో మీరుంటే అన్యాయమట. నా చేతిలో ఉంటే న్యాయమే, ఏ కొలతన చూసినా.

ఇక అసలు ఫిర్యాదు. మీరొచ్చాక వాన మలుపులకి భయపడక్కర్లేదనుకున్నాను. పోర్షా 930 చరిత్ర తిరగేశాక ఆ ధీమా దిగిపోయింది. 1975లో వచ్చిన ఆ టర్బో కారుకి 260 హార్స్‌పవర్, నాలుగే గేర్లు, ఇంజన్ వెనక చక్రాలకీ వెనక. ‘విడోమేకర్’ (పెళ్లాల్ని విధవల్ని చేసేది) అని పేరు. మలుపులో టర్బో ఆలస్యంగా మేల్కొని ఒక్క తోపు తోసేది. ఆ తోపుకి బెదిరి డ్రైవరు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బరువు ముందుకి పడి, వెనక తేలికై, కారు తోక తిప్పేది. ఆ తోపుకి మీ దగ్గర మందుంది. కాలు తీయడానికి లేదు. పైగా మలుపులో మీరు శక్తిని ఒక్కసారిగా కోసేస్తే, నా తరఫున మీరే కాలు తీసినట్టు! ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి కారుని దారిలో పెట్టే ఈఎస్పీ వేరే జాతి, అది 1995 నుంచి వచ్చింది. శక్తి ఒక్కసారిగా తెగకూడదనే మిమ్మల్ని ఒక్కో సిలిండరే ఆపేలా సెట్ చేయించాను.

వానలో ఆ రోజు నేను చేసిందీ అదే. భయపడి కాలు తీసేశాను. మీరప్పుడు సీటు కింద ఉన్నా ఒరిగేదేం లేదు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. మొదటి నెలంతా మీ దీపం ఊరికే వెలుగుతుంటే మీకే బుద్ధి మందగించిందనుకుని నాబ్ తిప్పి చూశాను, సెన్సర్లు విప్పించి చూశాను. చివరికి ఎవరో వంగి టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చదివారు: 1409. అంటే 2009లో పద్నాలుగో వారం. చూడ్డానికి గాడులు నిండుగానే ఉన్నాయి గానీ రబ్బరు చెక్కలా బిగుసుకుపోయింది. టైర్లు మార్చాను. దీపం సగానికి సగం చల్లబడింది.

మిగిలిన సగం సంగతి మొన్న తేలింది. ఆ మురిసిపోయిన మిత్రుడికే తాళాలిచ్చాను. అదే దారి, అదే మలుపు, అవే టైర్లు. నేను పక్క సీట్లో కూర్చుని యాష్‌ట్రే మూత వేలెడు తెరిచి చూస్తూనే ఉన్నాను. ఒక్కసారంటే ఒక్కసారి కూడా వెలగలేదు. దిగుతూ ఆయనన్నాడు: ‘ఎంత నెమ్మదస్తురాలండీ మీ కారు! అందరి మాటా వినదంటారేం?’

ఇట్లు,
మీ యజమానినని అనుకుంటున్నవాడు

తా.క.: ఆదివారం ఆయన మళ్లీ వస్తానన్నాడు. నడిపేది నేనే. మీకు దగ్గు వస్తే కాస్త ఆపుకోండి. తాను నడిపినప్పుడు ఆ చప్పుడు రాలేదేమని ఈమధ్యే అడిగాడు.