కర్నూల్లో పాత ఇల్లు కొనేవాళ్లు ఇదీ చూసుకోండి
పాత ఇల్లు కొనడం గురించిన మీ పోస్టులో "ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) సరిగ్గా ఉంటే చాలు" అని రాశారు. కర్నూల్లో అయితే చాలదు సార్. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊరిని ముంచినప్పుడు మీరు కొనే ఇంటి వీధిలో నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో ఇరుగుపొరుగును అడగండి, అమ్మేవాళ్లు చెప్పరు.

మేం పాతబస్తీలో ఒకటి చూశాం. కొత్తగా రంగులు, నిగనిగలాడే కడప బండలు. మా మామ మేస్త్రీ పని చేసినాయన. గోడ అడుగున గోరుతో గీకితే పెళ్లలు రాలినాయి, లోపలంతా చెమ్మకు ఉప్పు పేరుకొని ఉంది. అడ్వాన్సు ఇవ్వకుండానే వచ్చేశాం. వానాకాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి చూడాలంటాడు ఆయన. అంత ఓపిక ఎవరికుంది లెండి, కనీసం వాన పడిన మర్నాడు పోయి చూడండి.

ఇంటి స్థలం సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఆపిన భూముల జాబితాలో) ఉందేమో కూడా చూసుకోండి, ఉంటే రిజిస్ట్రేషనే కాదు.