సవరణ: గేమ్‌బాయ్‌లో ఉన్నది జెడ్80 కాదు

సరదాగా సొంత ఎమ్యులేటర్ (పాత గేమ్ యంత్రంలా కంప్యూటర్‌ను పనిచేయించే ప్రోగ్రామ్) రాసుకునేవాళ్ల కోసం పెట్టిన గత పోస్టులో, 1989 నాటి నింటెండో చేతి గేమ్ యంత్రం గేమ్‌బాయ్ ప్రాసెసర్ జెడ్80 (జైలాగ్ కంపెనీ పాత ప్రాసెసర్) అని ఉంది. కాదు. అది షార్ప్ కంపెనీ చిప్. ఇంటెల్ 8080కీ జెడ్80కీ దగ్గరి చుట్టం, అంతే. జెడ్80లోని ఐఎక్స్, ఐవై రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదులు) అందులో ఉండవు. డి9 ఆప్‌కోడ్ (ప్రాసెసర్‌కు ఇచ్చే ఆదేశం సంఖ్య) చూడండి: జెడ్80లో అది రిజిస్టర్ల జతలను మారుస్తుంది, గేమ్‌బాయ్‌లో ఇంటరప్ట్ (మధ్యలో అడ్డొచ్చిన పని) ముగించి అసలు ప్రోగ్రామ్‌కు వెనక్కి పంపుతుంది. ఎక్కడో దొరికిన జెడ్80 కోడ్ అతికిస్తే గేమ్ అక్కడే దారి తప్పుతుంది. కూకట్‌పల్లి తమ్ముళ్లూ, టెన్షన్ వద్దు, ఆప్‌కోడ్ పట్టిక సరిచేసుకుంటే చాలు. ఆ పోస్టులో ప్రాసెసర్ క్లాక్ వేగం 4.19 మెగాహెర్ట్జ్ అన్నది కరెక్టే.

కోఠిలో కొన్న పాత టీవీ గేమ్ క్యాసెట్లు ఈ గేమ్‌బాయ్ ఎమ్యులేటర్‌లో ఆడతాయా అని కొందరు అడిగారు. ఆడవు. అవి చాలావరకు నెస్ (నింటెండో టీవీ గేమ్ యంత్రం) నకళ్లవి, వాటి ప్రాసెసర్ 6502 అనే వేరే వంశం.