బాబాయి తొట్టికి పట్టిన గంబూషియా

విజయవాడ సత్యనారాయణపురంలో మా బాబాయి ఇంటి వరండాలో మూరెడు పొడవున్న గాజుతొట్టి ఒకటి ఉంది. జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆయన అందులో ఏలూరు కాలువ నీళ్ళు పోసి, గుప్పెడు ఎండుగడ్డి వేసి, రోజూ ఒక చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని అందులో కనబడే సూక్ష్మజీవుల బొమ్మలు నోటుపుస్తకంలో గీసుకునేవారు. వచ్చినవారందరూ "చేపలేవండీ?" అనే అడిగేవారు. 1674లో డచ్ పరిశోధకుడు లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినితో సరస్సు నీటిచుక్కలో ఇటువంటి జీవులనే చూశాడనీ, ఆయన్ను మాత్రం చేపలేవని ఎవరూ అడిగి ఉండరనీ బాబాయి విసుక్కునేవారు.

గడ్డి నానేసరికి నీరు బాక్టీరియాతో తెల్లగా మసకబారింది. వాసన భరించలేక పిన్ని పారబోయమంది. పెళ్ళిలో మొదటి బంతి లేవకముందే రెండో బంతివారు వెనుక నిలబడినట్టు, ఆ బాక్టీరియాను తినడానికి చిన్న చిన్న ఏకకణ జీవులూ, వాటి వెనుక మిల్లీమీటరులో సుమారు నాలుగో వంతు పొడవుండే పారమీషియాలూ, ఆ తరువాత తలమీద చక్రాలు తిరుగుతున్నట్టు కనిపించే రోటిఫర్లూ వరుసగా దిగాయి. డెల్లాయిడ్ అనే రకం రోటిఫర్లలో ఇంతవరకు మగజీవి కనబడనే లేదని బాబాయి చెప్పినప్పుడు మాత్రం పిన్ని వచ్చి కటకంలోకి తొంగిచూసి, "అందుకే కాబోలు, ఒక్క క్షణం ఊరికే కూర్చోవడం లేదు" అంది. చివరికి కాలువ నీటితో వచ్చిన, రొయ్యల కోవకు చెందిన చిరుజీవులైన డాఫ్నియాలు పెరిగి, నాచు కణాలను వడగట్టి తింటూ నీటిని అద్దంలా చేశాయి.

ఒక శుక్రవారం దోమల తనిఖీకి వచ్చిన కుర్రవాడు, బాబాయి బజారుకు వెళ్ళి ఉండగా, తొట్టిపై కప్పిన వల తీసి చూశాడు. ఎగిరెగిరి పడుతున్న డాఫ్నియాలు అతని కంటికి దోమపిల్లలుగా కనబడ్డాయి. జరిమానా వేయకుండా, తన డబ్బాలోని, దోమపిల్లలను తినే గంబూషియా చేపలను నాలుగింటిని అందులో వదిలి, "మాస్టారికి చెప్పండమ్మా, రెండు రోజుల్లో అన్నీ ఖాళీ" అని భరోసా ఇచ్చి వెళ్ళాడు.

అతను మాట తప్పే మనిషి కాదు. డాఫ్నియాలు ఖాళీ అయ్యాయి. తినేవారు లేక, పైగా చేపల మలం ఎరువుగా దొరికి, నాచు విజృంభించి నీరు చిక్కటి గోంగూర రంగుకు తిరిగింది. మరుసటి వారం వచ్చిన ఆ కుర్రవాడు, తొట్టిని కాస్త శుభ్రంగా ఉంచుకోవాలని బాబాయికి హితవు చెప్పాడు. గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలను కనే ఆ చేపలు అప్పటికే సంసారం పెంచేశాయి. ఒక్కటి కూడా మిగల్చకుండా పట్టుకుపొమ్మని బాబాయి అతని డబ్బా లాక్కుని మూత తీశారు గాని, వాటిలో రెండింటికి పిన్ని అప్పటికే పేర్లు పెట్టేసింది.