నోర్తియే తాతను ఎవరూ పట్టించుకోరేం?

2024లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా ‘ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో’ నవలకి అచ్చుగుద్దినట్టు ఉందన్నారు. అక్కడే నాకు పేచీ అండీ. కౌంట్‌గా పియర్ నినే బాగా చేశాడు, మూడు గంటలు తెలియకుండా గడిచిపోయాయి, కాదనను. కానీ ఫ్రెంచ్ రచయిత డ్యూమా రాసిన ఆ నవల చివర్లో, కౌంట్ చేరదీసిన అమ్మాయి హైదే కౌంట్‌తోనే ఓడెక్కి వెళ్లిపోతుంది. ఈ సినిమాలో కౌంట్ శత్రువు కొడుకు ఆల్బర్ట్‌తో వెళ్తుంది. 2002 నాటి హాలీవుడ్ సినిమా ఇంకో అడుగు ముందుకేసి ఆల్బర్ట్‌ని ఏకంగా కౌంట్ (అసలు పేరు ఎడ్మండ్) కొడుకునే చేసేసింది! మన సినిమావాళ్లనే ఎందుకు తిడతాం?

నాకు నవలలో ప్రాణం నోర్తియే తాత, కౌంట్‌కి మరో శత్రువైన విల్‌ఫోర్ తండ్రి. పక్షవాతంతో ఒళ్లంతా పడిపోయి, కళ్లు మాత్రమే మిగిలిన మనిషి. కళ్లు మూస్తే అవును, టపటపా ఆర్పితే కాదు. మనవరాలు వాలెంటీన్ ఒక్కో అక్షరం చదువుతూ పోతుంది, ‘ఎన్’ దగ్గర ఆపిస్తాడు. తర్వాత నిఘంటువు తెచ్చి వేలు కిందికి జరుపుతుంటే ‘నోటరీ’ మాట దగ్గర మళ్లీ కళ్లు మూస్తాడు. విలునామా రాయాలట! 1844 నుంచి 1846 దాకా పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల కదా, ఇలాంటి చోట ‘సశేషం’ పడితే పాఠకుడికి ఎంత టెన్షనో. 2002 సినిమాలో ఆ పెద్దాయన్ని తుపాకీతో కాల్పించేశారు.

చదవనివాళ్లు సంక్షిప్త ప్రతి జోలికి పోకండి. 117 అధ్యాయాలూ చదవండి. రోమ్ కార్నివాల్ ఉత్సవం దగ్గర కాస్త సాగుతుంది, ఓపిక పట్టండి.